చిట్టెం నేలలో సన్నగొలుసు

కెనడాలో, ఒషావాలో నేను అద్దెకున్న బేస్‌మెంట్‌కి ఒకే ఒక్క కిటికీ. అది సరిగ్గా పెరటి నేల మట్టానికి ఉండేది. అందులోంచి మనుషుల మొహాలు కనపడవు, కాళ్లే కనపడతాయి. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ నేను జనాన్ని కాళ్లను బట్టే గుర్తుపట్టేదాన్ని. ఊలు సాక్సుల మీద రబ్బరు చెప్పులు తొడుక్కుని వస్తే ఆంటీ. రెండు కాళ్లూ ఎడంగా పెట్టి ఒకేచోట చాలాసేపు నిలబడితే అంకుల్. ఆయన రిటైరైన సివిల్ ఇంజనీరు, సొంత పెరట్లో కూడా సైట్‌లో నిలబడ్డట్టే నిలబడేవారు. బురద బూట్లు వేసుకుని, ముందు ఒక గుండ్రటి పళ్లెంలాంటిదాన్ని నేలకి ఆనీ ఆనకుండా ఊపుకుంటూ వస్తే పక్కింటి ముసలాయన. ఆయన చేతిలోది మెటల్ డిటెక్టర్. ఆ అక్టోబరులో ఆ పళ్లెం మా పెరట్లో తిరిగింది నా గురించే.

ఆంటీ వాళ్లది గుంటూరు వైపు. నాది తెలంగాణలో ఒక బొగ్గు గనుల ఊరు. చదువు అయిపోయి, వర్క్ పర్మిట్ మీద ఒక గోడౌన్ ఆఫీసులో ఉద్యోగం చేస్తున్న రోజులవి. గుళ్లో పరిచయమై, తెలుగమ్మాయివి కదా మా కిందే ఉండమన్నారు. చేరిన మర్నాడే గిన్నె నిండా గోంగూర పప్పు కిందికి వచ్చింది. ఎవరూ ఊరికే గిన్నె నిండా పెట్టరని నా అనుభవం. ఈవిడకు నాతో ఏం పనుందోనని ఆ పప్పు తింటూనే ఆలోచించాను. పప్పు మాత్రం బాగుంది.

పనీ ఉంది. ఆంటీకి మోకాళ్లు బాగుండవు. వంగి చేసే పనులన్నీ మెల్లగా నా వంతయ్యాయి. నాకేం బాధ లేదు. మా అమ్మకి చేసిన దానికంటే ఆవిడకే ఎక్కువ చేశాను, అమ్మ వింటే బాధపడుతుంది కాబట్టి ఆ మాట ఫోన్లో ఎప్పుడూ అనలేదు.

వినాయక చవితికి ఆంటీ ప్రతి ఏడూ మట్టి విగ్రహమే పెట్టేవారు. పత్రి, గరిక, పత్తితో చేసిన వస్త్రాలు, వాటన్నిటి కింద స్వామి మెళ్లో తన సన్నటి బంగారు గొలుసు. వాళ్లమ్మాయి పుట్టినప్పటినుంచీ అది ఆనవాయితీ అట. నిమజ్జనానికి లేక్ దాకా వెళ్లరు. అక్కడ ఎవరైనా చూసి కంప్లైంట్ చేస్తే ఫైన్ వేస్తారని అంకుల్ భయం. మూడో రోజు ఉద్వాసన చెప్పి, పెరట్లో బకెట్ నీళ్లలో స్వామిని దింపేస్తారు. మట్టి కరిగాక ఆ బురదను సొరపాదు పక్కన గోతిలో పోస్తారు. దేవుడి మట్టిని ఎవరూ తొక్కకూడదని అంకుల్ ఆ గొయ్యి మోకాలి లోతు తీసేవారు. నిర్మాల్యం కూడా చెత్తబుట్టలో వేయకూడదు కదా, అదీ ఆ గోతిలోకే.

ఆ ఏడు పూలూ పత్రీ తీసే పని నాకు చెప్పారు. నేను మోకాళ్ల మీద కూర్చుని తీశాను. అప్పటికి మూడు రోజుల పూలు, వాడిపోయి, పసుపూ నీళ్లూ తగిలి ముద్దకట్టి ఉన్నాయి. ఆంటీ సోఫాలో కూర్చుని, విగ్రహం చెవి విరుగుతుందేమో జాగ్రత్త అంటున్నారు. ఆవిడ చెవి గురించే చెప్పారు. గొలుసు గురించి చెప్పలేదు. ఇది నేను ఆ తర్వాత ఎన్నిసార్లు గుర్తుచేసుకున్నానో లెక్కలేదు.

వారమో పది రోజులో గడిచాక ఆంటీ మెట్ల మీద సగం దాకా దిగి నిలబడ్డారు. మోకాళ్ల నొప్పితో ఆవిడ కిందికి రావడం అరుదు.

"స్వామి మెళ్లో గొలుసు నువ్వేమన్నా తీసి ఎక్కడైనా పెట్టావామ్మా?"

"గొలుసు నేను చూడనే లేదు ఆంటీ. మీరు ముందే తీసుకున్నారనుకున్నా."

"సరేలే," అన్నారు ఆవిడ. ఆ లే దగ్గర గొంతు కొంచెం తగ్గింది. నేను అక్కడే నిలబడి, ఆవిడ ఒక్కో మెట్టూ ఎక్కే చప్పుడు విన్నాను.

ఎవరూ నన్ను దొంగ అనలేదు. అని ఉంటే బాగుండేది. అంటే నేనూ నాలుగు అనేదాన్ని, నా నోరు సామాన్యమైనది కాదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగకుండా నేను తీయలేదు తీయలేదని తిరిగితే అదే సాక్ష్యమవుతుంది. అందుకని నోరు మూసుకున్నాను. పైనుంచి గిన్నెలు రావడం ఆగిపోయింది. వాషింగ్ మెషీన్ వాడుకోవడానికి పైకి వెళితే ఆంటీ ఏదో పని కల్పించుకుని నా వెనకే ఉండేవారు. బెడ్‌రూమ్ తలుపు ఎప్పుడూ తీసి ఉండేది, ఇప్పుడు వేసి ఉంటోంది. వేసి ఉందని గమనించే నా కళ్లమీద నాకే అసహ్యం వేసేది. గుమ్మం దాటేటప్పుడు రెండు చేతులూ బయటికి కనపడేలా పెట్టుకుని నడిచేదాన్ని.

అంకుల్ మాత్రం ఇంజనీరు కదా, అన్నీ చెక్ చేయాలన్నారు. గొలుసు గోతిలోకి పోయిందేమో చూద్దామని పక్కింటాయన్ని పిలిచారు. ఆయన కార్ల ఫ్యాక్టరీలో రిటైరై, పార్కుల్లోనూ పొలాల్లోనూ పాత నాణేలు వెతుక్కుంటూ తిరిగే మనిషి. తన యంత్రం గురించి చెప్పడం మొదలుపెడితే ఆపేవాడు కాదు.

ఆ శనివారం నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఆయన మొదట గడ్డి మీద నిలబడి, పళ్లాన్ని పైకీ కిందికీ ఊపి, యంత్రాన్ని ఆ నేలకు సరిచేసుకున్నాడు. తర్వాత సొరపాదు మడిలోకి వచ్చాడు. రావడంతోనే యంత్రం గోల మొదలుపెట్టింది. ఇక్కడా అక్కడా అని లేదు, మడి అంతా కీచుకీచుమంటోంది. ఆయన ఆగి, యంత్రాన్ని కిందికి వంచి, దాని మీట ఏదో తిప్పాడు. గోల తగ్గింది. ఇంకొంచెం తిప్పాడు. నిశ్శబ్దం. అప్పుడు మడి మొత్తం ఈ చివరినుంచి ఆ చివరికి ఊపుకుంటూ నడిచి, "నో గోల్డ్ హియర్, మై ఫ్రెండ్," అన్నాడు. ఉంటే యంత్రం పాట పాడేదట.

అంకుల్ కాళ్లు కాసేపు అలాగే నిలబడి ఉన్నాయి. సాయంత్రం నేను చెత్తబండి డబ్బాలు లోపలికి లాగుతుంటే ఆయన గరాజ్ దగ్గర కనపడ్డారు. నా మొహం చూడకుండా చెప్పారు.

"మెషీన్‌కి ఎవరి మీదా కోపం ఉండదు కదమ్మా."

మా ఇంట్లో అందరిలోకీ తిక్కదాన్ని నేనే అంటారు. ఆ రోజు ఆ తిక్కంతా ఏమైపోయిందో తెలియదు. డబ్బా గోడకు ఆనించి కిందికి వచ్చి, మంచం మీద కూర్చుని ఏడ్చాను. మనుషులు అనుమానిస్తే వాళ్ల బుద్ధి అని తిట్టుకోవచ్చు. యంత్రాన్ని ఏమని తిట్టుకోవాలి.

ఏడుపు అయ్యాక బుర్ర పనిచేసింది. పనిచేసిందంటే, అనుమానించింది. ముసలాయన ఆ మీట ఎందుకు తిప్పాడు? గోల వస్తున్నప్పుడు గోల ఎక్కడినుంచి వస్తోందో చూడాలి కానీ, గోలను ఆపడమేమిటి? గొలుసు అక్కడే ఉందని ఆయనకు తెలిసిపోయింది, మమ్మల్ని నమ్మించి వెళ్లి, మేం లేనప్పుడు వచ్చి తవ్వుకుంటాడు. నాకు అది పట్టపగలులా కనిపించింది. ఆ వారమంతా ఆఫీసు పని ఇంటినుంచి చేసుకుంటానని మేనేజర్ని బతిమాలి, కిటికీ ముందు లాప్‌టాప్ పెట్టుకుని కాపలా కాశాను. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. ఒకరోజు నిజంగానే బూట్లు వచ్చాయి. నేను చెప్పులు కూడా లేకుండా పెరట్లోకి పరుగెత్తాను. ఆయన చేతిలో ఆకులు ఊడ్చే దంతె. కంచె దాటి తన చెట్టు ఆకులు మా వైపు పడ్డాయని తీసుకుపోవడానికి వచ్చాడట. అక్టోబరు చలిలో ఉత్తి కాళ్లతో నిలబడ్డ నన్ను చూసి, ఆర్ యూ ఓకే అని అడిగాడు. ఓకే అన్నాను.

ఈలోగా ఆంటీ చెప్పాల్సింది చెప్పేశారు. అమ్మాయి మాంట్రియల్ నుంచి వచ్చి కొన్నాళ్లు ఉంటుందట, నవంబరు ఆఖరుకల్లా బేస్‌మెంట్ కావాలట. నవ్వుతూనే చెప్పారు. ఆదివారం గుళ్లో ప్రసాదం వడ్డిస్తుంటే, నాకు సరిగా పరిచయం కూడా లేని ఒకావిడ, "ఇల్లు మారుతున్నావటగా," అంది. అంటూ పక్క కుర్చీలో ఉన్న తన హ్యాండ్‌బ్యాగ్‌ని ఒళ్లోకి తీసుకుంది. మామూలుగా తీసుకుందో, నన్ను చూసి తీసుకుందో నాకు ఈరోజుకీ తెలియదు. ఇల్లు పోతే ఇల్లు దొరుకుతుంది. ఈ ఊళ్లో మన తెలుగువాళ్లు గుప్పెడు మంది. దొంగ అన్న పేరుతో ఆ ఇంట్లోంచి బయటపడితే, అది నాకంటే ముందు నేను వెళ్లే ప్రతి ఇంటికీ చేరుతుంది. పైగా నవంబరు దాటితే నేల రాయిలా గడ్డకడుతుంది. ఏప్రిల్ దాకా ఎవరూ తవ్వలేరు, తవ్వే కారణమూ ఎవరికీ ఉండదు.

కిటికీ ముందు కూర్చుని అదే మడిని చూస్తూ ఇవన్నీ లెక్కపెట్టుకుంటుంటే, నా కళ్లముందున్నది మొదటిసారి సరిగ్గా కనపడింది. మడి చుట్టూ ఆంటీ బంతిమొక్కలకు అంచుగా పేర్చిన నల్లరాళ్లు. తేలిగ్గా, బుడగలు బుడగలుగా, అక్కడక్కడా గాజులా మెరుస్తూ. రాళ్లు కావు అవి. చిట్టెం. బొగ్గు మండాక కరిగి గట్టిపడ్డ ఉండలు. మా ఊళ్లో బాయిలర్ల వెనక గుట్టలు గుట్టలుగా పోసి ఉండేవి. చిన్నప్పుడు వాటి మీద ఎక్కి మోచిప్పలు చెక్కుకుపోయిన దాన్ని, ఎలా పోల్చుకోలేదో. ఈ ఇల్లు పాతకాలపుది, ఒకప్పుడు బొగ్గు పొయ్యితో వెచ్చబరుచుకునేవారని అంకుల్ గొప్పగా చెప్తూ ఉండేవారు. ఆ పొయ్యి బూడిదంతా ఎక్కడ పోశారు? మడి తవ్వినప్పుడల్లా ఈ నల్లరాళ్లు వస్తున్నాయని, డెకరేషన్‌కి బాగున్నాయని ఆంటీయే ఏరి పేర్చారు.

ఫ్రిజ్ మీది అయస్కాంతం తీసుకున్నాను. నా ఫ్రిజ్ మీదిదే, పైవాళ్లది కాదు. వాళ్ల అయస్కాంతం పట్టుకుని వాళ్ల పెరట్లో దొరికిపోవడం నాకిష్టం లేదు. ప్లాస్టిక్ కవర్‌లో వేసి మడి మట్టిలో దొర్లించాను. కవర్ నిండా నల్లటి ఇనుప నూగు పట్టుకుంది. గడ్డి కింద మట్టిలో దొర్లిస్తే దాదాపు ఏమీ లేదు.

ఆ తర్వాత ఫోన్లో డిటెక్టర్లవాళ్ల వీడియోలు వరసగా చూశాను. యంత్రం నేలలోకి ఒక పిలుపు పంపుతుంది, లోహం ఉంటే బదులు పలుకుతుంది. కానీ ఇనుము కలిసిన నేల తానే బదులు పలుకుతుంది. చిట్టెం ఉన్నచోట మట్టి మట్టంతా ఒకేసారి అరుస్తుంది. బ్యాండుమేళం పక్కన నిలబెట్టి చెవిలో చెప్పిన మాట వినమన్నట్టు ఉంటుంది దాని పరిస్థితి. ఆ గోల భరించలేక మనిషి యంత్రం చెవిని తగ్గిస్తాడు. చెవి తగ్గిస్తే లోతు పోతుంది, పైపైన ఉన్నవే వినపడతాయి. అందులోనూ సన్నగొలుసంటే మరీ కష్టమట. గాజులాగా ఒక్క ముక్క కాదు కదా, దేనికది చిన్న చిన్న రింగులు, ఒక్కోటీ తన సన్నగొంతుతో విడివిడిగా పలుకుతుంది. మోకాలి లోతున ఉన్న గొలుసును ముసలాయన యంత్రం ఆ మడిలో వినే అవకాశమే లేదు. ఆయన దొంగా కాదు, నేనూ కాదు. ఆయన గోల ఆపుకుని, ఆ నిశ్శబ్దాన్ని జవాబనుకున్నాడు.

ఇది నేను ఆంటీకి మాటల్లో చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. దొంగ చాలా చదువుకుందని అనుకుంటారు. అందుకని అంకుల్ దగ్గరికి వెళ్లాను. మెషీన్‌కి కోపం ఉండదు అంకుల్, కానీ చెవుడు ఉండొచ్చు, టెస్ట్ చేద్దాం అన్నాను. టెస్ట్ అన్న మాటకి ఆయన కళ్లద్దాలు సర్దుకున్నారు. పక్కింటాయన మాత్రం తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నాడు. తన యంత్రం పొలంలో ఎంత లోతునుంచి నాణెం తీసిందో మళ్లీ మొదటినుంచీ చెప్పాడు. అంతా విని, అయితే శనివారం రండి అన్నాను.

శనివారం మధ్యాహ్నం నలుగురం పెరట్లో నిలబడ్డాం. ఆంటీ కుర్చీ తెప్పించుకుని శాలువా కప్పుకుని కూర్చున్నారు. నేను నా మెళ్లో గొలుసు తీశాను. అదీ సన్నదే, ఆంటీ గొలుసు లాంటిదే, చూడ్డానికి పెద్ద తేడా ఉండదు. నాకున్న బంగారమంతా అదే. ఫోన్ తీసి, అరచేతిలో గొలుసు పెట్టుకుని ఒక ఫోటో, కొక్కెం దగ్గరగా ఇంకొకటి తీసుకున్నాను. తర్వాత గడ్డి ఉన్న వైపు బెత్తెడు లోతు గుంట తీసి, అందులో వేసి మట్టి కప్పాను.

ముసలాయన పళ్లెం ఊపాడు. యంత్రం టింగుమంది. సన్నగా, కానీ స్పష్టంగా. మళ్లీ ఊపితే మళ్లీ అదేచోట. ఆయన నవ్వుతూ, చూశావా అన్నట్టు నాకేసి చూశాడు.

గొలుసు తీసి, సొరపాదు మడిలో అదే బెత్తెడు లోతున వేశాను. అందరికీ కనపడేలా వేశాను. ఆయన మడిలోకి రాగానే గోల మొదలైంది, అలవాటు ప్రకారం మీట తిప్పాడు, నిశ్శబ్దమైంది. పళ్లెం సరిగ్గా నా గొలుసు మీదినుంచి వెళ్లింది. ఏమీ లేదు. వెనక్కి వచ్చింది. ఏమీ లేదు. ఆయన నవ్వు ఆగిపోయింది. మీట ఎక్కువకి తిప్పితే, గొలుసు ఉన్నచోటా లేనిచోటా ఒకటే కీచులాట. చివరికి మోకాళ్ల మీద కూర్చుని చిట్టెం ఉండ ఒకటి తీసి పళ్లెం ముందు పెట్టాడు. అది అరిచింది. ఆయన టోపీ తీసి తల గోక్కుని, "వెల్, ఐ విల్ బీ," అని ఆశ్చర్యపోయి సగంలో ఆపేశాడు. ఆ సగమే నాకు చాలు. 

అంకుల్ గరాజ్‌లోకి వెళ్లి పార, పాత కిటికీ మెష్ పట్టుకొచ్చారు. ముందు నా గొలుసు తీసి ఇచ్చారు. దాన్ని జేబులో పెట్టుకోబోతుంటే, మట్టి పట్టింది, కడుగుదాం ఇటివ్వమని ఆంటీ చెయ్యి చాచారు. ఇచ్చాను. ఆవిడ దాన్ని శాలువా కొంగులో పెట్టుకున్నారు.

గొయ్యి మళ్లీ తవ్వడానికి చాలాసేపు పట్టింది. ముసలాయన కూడా ఓ పార తెచ్చుకుని దిగాడు, పాపం, ఆయన పరువూ ఆ గోతిలోనే ఉందిగా. నేను మట్టి మెష్ మీద వేసి చేత్తో రుద్దాను. పైన నల్లటి చిట్టెం మట్టి, దాని కింద బూడిదరంగు, ఆ కింద మెత్తగా విగ్రహం మట్టి. అందులో పత్తి వస్త్రం ముక్క ఒకటి, పసుపు ఇంకా వదల్లేదు. ఆ తర్వాత కుళ్లిన గరిక పిడికెడు. ఆ గరికను విడదీస్తుంటే వేలికి ఏదో చుట్టుకుంది.

నేను దాన్ని పైకి తీయలేదు. చెయ్యి అలాగే పెట్టి, "ఆంటీ, మీరే వచ్చి తీసుకోండి," అన్నాను.

ఆవిడ మోకాళ్ల మాట మర్చిపోయి వచ్చారు. గరికతో సహా నా వేళ్లమధ్య నుంచి లాగారు. గొలుసు చూసి ఏడ్చారు. నన్ను పట్టుకుని, మేం నిన్నెప్పుడూ ఏమీ అనుకోలేదమ్మా, దేవుడి మీద ఒట్టు అన్నారు. నాకూ ఏడుపొచ్చింది. ముసలాయన అంకుల్ భుజం తట్టి, పార భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. నాకు ఎంత సంతోషం వేసిందంటే, మెట్లు దిగేటప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకున్నానో చూసుకోలేదు.

సాయంత్రం ఆంటీ సింక్ దగ్గర రెండు గొలుసులూ కుంకుడు రసంలో వేసి కడిగారు. అంకుల్ లోపల మట్టి బట్టలు మార్చుకుంటున్నారు. నేను టవల్ పట్టుకుని పక్కన నిలబడ్డాను. నీళ్లలో రెండూ ఒకేలా ఉన్నాయి. ఆవిడ వాటిని విడదీసి, ఒకదాన్ని తుడిచి నా చేతిలో పెట్టారు. పెట్టి, చెయ్యి వదల్లేదు.

"మట్టిలో వేసే ముందు ఫోటో తీశావు. చూశాన్లే," అన్నారు. "మేం తీసేసుకుంటామనుకున్నావామ్మా?"

కాదు ఆంటీ, ఊరికే గుర్తుకోసం అన్నాను.

"సరేలే," అన్నారు.

ఆ రాత్రికి సొరకాయ పులుసు కిందికి వచ్చింది. అమ్మాయి ప్రయాణం వాయిదా పడింది, కావాలంటే నువ్వు ఉండొచ్చన్నారు. నేను ఉండలేదు. నవంబరు చివర్లో మార్కమ్‌లో వేరే ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాను. వెళ్లే రోజు ఆంటీ నా ఒడిలో బియ్యం, పసుపు, కుంకుమ పెట్టి పంపారు, ఇద్దరం ఏడ్చాం, అదేమీ అబద్ధం కాదు.

ఆ ఫోటోలు ఇంకా నా ఫోన్లో ఉన్నాయి. చెరిపేద్దామని అప్పుడప్పుడూ తెరుస్తాను. తెరిచి, కొక్కెం ఉన్న ఫోటోని వేళ్లతో పెద్దది చేసి, అద్దం ముందుకు వెళ్లి నా మెళ్లో గొలుసు కొక్కెంతో పోల్చి చూసుకుంటాను. అదే గొలుసు. నాదే. ఫోటో చెరపకుండా ఫోన్ పక్కన పెట్టేస్తాను.